అంచులకి ముందు పూత

గోపాలపట్నం, విశాఖ

నాన్నా,

నేను కులాసా. రేవులో సుత్తుల మోతకి నీకు ఫోన్ వినపడదని ఈ కార్డు. మా ల్యాబులో, చూపు లేనివాళ్ళ కంట్లో అమర్చే చిప్పుకి సన్నటి పూత వేస్తాం. కంట్లోని తడిలాంటి గోరువెచ్చని ఉప్పునీళ్ళలో నానబెట్టి చూస్తే, అంచుల్లోంచి నీరు దిగి నెలకే పాడయ్యేది. ఓడలకి రంగేస్తూ నువ్వన్న మాట గుర్తొచ్చింది: "తుప్పు ముందు అంచుల్నే పట్టేత్తాదే. ఆటికి ఓ పూతేసి, అప్పుడు మిగతాదంతా ఎయ్యాల." అలాగే వేశాను. ఇవాళ్టికి ఏడాది, చిప్పు నిక్షేపంగా పనిచేస్తోంది! పద్ధతి ఎవరిదని రిపోర్టులో అడిగితే నీ పేరే రాశాను: బోని సన్యాసప్పడు, ఓడల పెయింటరు. మా ల్యాబు మేడమ్ సంతకం కూడా పెట్టేశారు.

కాకినాడ నీళ్ళు అమ్మకి పడ్డాయా? నీ పాత కుంచె ఒకటి పంపు, నా బల్ల మీద పెట్టుకుంటాను. దీవించు. ఇక ఎవరడిగినా "ఉత్త రంగులేసీవోణ్ణి" అన్నావో, ఊరుకోను.

నీ కూతురు,
నూకరత్నం