దొరగారి క్షేమ సమాచారం

ప్రియమైన చిట్టికి,

నీ పిల్లి క్షేమంగా చేరింది. మీ ఆసుపత్రికి మందులు తెచ్చే వ్యాను డ్రైవరు బుట్టను నా గుమ్మంలో దించి, దారి పొడుగునా అరిచి చెవులు చిల్లులు పెట్టిందని మొర పెట్టుకున్నాడు. మూత తీయగానే అది ఇల్లు అద్దెకు చూడవచ్చిన మనిషిలా గదులన్నీ తిరిగి, నా కుట్టుమిషను పక్క కుర్చీ ఎక్కి కూర్చుంది. మీ పాప దానికి దొర అని ఊరికే పేరు పెట్టలేదు.

పిల్లకన్నా ముందు దాని పిల్లిని పంపడం మంచి ఆలోచన. బడి తెరిచేసరికి ఇది ఇక్కడ అలవాటు పడితే పాపకు కొత్త ఉండదు. నీ డ్యూటీలు ఎప్పుడు మారతాయో నీకే తెలియదు, మరిదిగారు ఓడ దిగేదెప్పుడో ఆయనకే తెలియదు. పాప నా దగ్గరుండి చదువుకోవడమే అందరికీ మంచిది. అందరికీ అంటున్నాను గానీ ముందు నాకు. మీ బావ పోయాక ఈ ఇంట్లో మిషను చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. పక్క గదికి రంగు వేయించాను. గౌన్లు మొదలుపెట్టాను, కొలతలు పంపు.

ఒక్కటే దిగులు. కిటికీ పైన చెక్కపెట్టెలో ఉడత గూడు పెట్టింది. నా కత్తిరింపు ముక్కలే దానికి పరుపు. నా చేతిలోంచి పల్లీలు తీసుకుని తింటుంది. దొరగారు పొద్దుట్నుంచీ ఆ పెట్టె మీంచి చూపు తిప్పడం లేదు.

ప్రేమతో, నీ అక్క

*

ప్రియమైన అక్కకు,

కొలతలు ఈ కాగితం వెనక రాశాను. పాప ఎదుగుతోంది, అంచులు కాస్త ఎక్కువ మడిచి కుట్టు. రోజూ పడుకునే ముందు దొర ఏం చేస్తున్నాడో అడుగుతోంది. ప్రతి ఉత్తరంలో వాడి సంగతి రెండు ముక్కలైనా రాయి, చదివి వినిపిస్తాను. వాణ్ణి ‘అది’ అనకు, పాప చిన్నబుచ్చుకుంటుంది.

ఉడత గురించి బెంగ పెట్టుకోకు. ఇక్కడున్నప్పుడు బల్లుల్ని చంపి నా చెప్పుల్లో దాచేవాడు. చెప్పులు దులిపి తొడుక్కోవడం నాకు అలవాటైపోయింది. నీకూ అవుతుంది.

నీ చిట్టి

*

ప్రియమైన చిట్టికి,

ఇది పాపకు చదివి వినిపించకు.

ముందు తొండలు. తర్వాత ఒక చిన్న గబ్బిలం, రెక్క చిరిగి ఇంకా కొట్టుకుంటుండగానే తెచ్చి నా పక్క మీద పెట్టింది. అవన్నీ ఓర్చుకున్నాను. మొన్న నేను కూరగాయలకు వెళ్లొచ్చేసరికి చెక్కపెట్టె కింద పడి ఉంది. ఉడత పిల్లలు ఇంకా కళ్లు తెరవనివి. పెళ్లికూతురికి కుట్టాల్సిన తెల్ల సాటిను మీద వాటిని వరసగా పేర్చి, పక్కన కూర్చుని మీసాలు నాక్కుంటోంది. తినలేదు చిట్టీ, ఆకలికి చంపినా నాకింత బాధ ఉండేది కాదు.

తల్లి ఉడత రోజంతా గోడ మీద అరుస్తూనే ఉంది. మర్నాడు అదీ దొరికిపోయింది. వదలడం, నాలుగడుగులు పాకనివ్వడం, మళ్లీ పట్టుకోవడం. నడుం విరిగిపోయింది. నేను చీపురుతో కొట్టినా వదల్లేదు. చివరికి ఇస్త్రీపెట్టెతో నేనే ఉడత బాధ తీర్చాల్సి వచ్చింది. నా చేతిలో పల్లీలు తిన్న ప్రాణం.

దీనికి మెడలో గంటయినా కడతాను, లేదా గదిలో పెట్టి తలుపేస్తాను. రెండూ వద్దంటే తీసుకుపో. నీ కాళ్లు పట్టుకుంటాను.

నీ అక్క

*

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం వార్డులో అందరికీ చదివి వినిపించాను. కడుపుబ్బ నవ్వుకున్నాం. రోజూ మనుషులు పోవడం చూసే మాకు ఉడతల కోసం ఏడుపేమిటి? పిల్లలు లేనివాళ్లకు ఇలాంటి పిచ్చి మమకారాలు పుట్టుకొస్తాయని మా హెడ్ నర్సు అంది. నేను కాదనలేకపోయాను.

గంట కట్టడానికి వాడేమైనా మేకపిల్లా? గదిలో పెడితే బెంగతో తిండి మానేస్తాడు. పిల్లి పిల్లిలానే ఉంటుంది. ఒక్క మాట గుర్తుంచుకో. దొర ఉన్నాడనే పాప అక్కడికి రావడానికి ఒప్పుకుంది. వాడు లేని ఇంట్లో అది ఒక్క పూట ఉండదు, నేను ఉంచను కూడా. పాప కావాలనుకుంటే వాణ్ణి జాగ్రత్తగా చూసుకో.

నీ చిట్టి

*

ప్రియమైన చిట్టికి,

ఇన్నాళ్లు రాయనందుకు ఏమీ అనుకోకు, పెళ్లి బట్టల పని నెత్తిన పడింది. నువ్వు చెప్పిందే నిజం. నేనే చిన్నదాన్ని కొండంత చేసుకున్నాను.

దొర ఇప్పుడు ఎంత మారాడో చూస్తే నమ్మవు. వేట మానేశాడు. పాలు పోస్తే తాగి, మిషను కింద పడుకుని, దారపు ఉండతో ఆడుకుంటాడు. ‘పాప ఎప్పుడొస్తుంది దొరా?’ అంటే చెవులు నిక్కిస్తాడు. పాపకు చెప్పు. గౌన్లు పూర్తయ్యాయి. జేబులున్నవి కూడా కుట్టాను, పిల్లలకు జేబులంటే ఇష్టం కదా.

ప్రేమతో, నీ అక్క

*

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం చదివి ఎంత సంతోషించామో చెప్పలేను. పోయినసారి నోటికొచ్చినట్టు రాశాను, మనసులో పెట్టుకోకు. పాప ఇంకా ఇంకా అడుగుతోంది. దొర ఎక్కడ పడుకుంటాడు? లావయ్యాడా? ఉరుములకు ఇంకా భయపడుతున్నాడా? అన్నీ వివరంగా రాయి.

ఇంకో చిన్న కోరిక. దొర కాలికి సిరా పూసి కాగితం మీద ముద్ర వేసి పంపమంటోంది. నీకు శ్రమే గానీ, దాని ముచ్చట తీర్చు. బడి తెరవడం దగ్గరపడింది, ఎప్పుడెప్పుడు వద్దామా అని గంతులేస్తోంది.

నీ చిట్టి

*

ప్రియమైన చిట్టికి,

ముద్ర పంపుతున్నాను. కదిలిపోతాడు కదా, కొంచెం అలికినట్టు పడింది. పాపను దీంతో సరిపెట్టుకోమను.

కాస్త లావయ్యాడు. మొన్న ఉరిమినప్పుడు పరుగెత్తుకొచ్చి నా కొంగులో దూరాడు. రాత్రి నా కాళ్ల దగ్గరే పడుకుంటాడు. ఇది రాస్తున్నప్పుడు కూడా నా ఒళ్లోనే ఉన్నాడు, గుర్రుగుర్రుమంటుంటే కలం కదలడం లేదు. మొదట్లో వాణ్ణి తిట్టినందుకు ఇప్పుడు సిగ్గేస్తోంది.

పాప మంచం కిటికీ పక్కన వేశాను. బడి ఆయమ్మతో మాట్లాడాను, దిగబెట్టడం, తీసుకురావడం నేనే చేస్తానని చెప్పాను.

ప్రేమతో, నీ అక్క

*

ప్రియమైన చిట్టికి,

ఎలా రాయాలో తెలియడం లేదు. నిన్నటి నుంచి దొర కనబడటం లేదు. పొద్దున్న పాలు తాగి గోడ దూకాడు, మళ్లీ రాలేదు. సందు సందూ తిరిగాను, ఇంటింటికీ వెళ్లి అడిగాను. అన్నం సయించడం లేదు.

పాపకు ఇప్పుడే చెప్పకు. ఇక్కడికి వచ్చాక ఒళ్లో కూర్చోబెట్టుకుని మెల్లగా నేనే చెబుతాను. అంతకన్నా మంచి పిల్లిపిల్లను తెచ్చిస్తాను. నీ మీద ఒట్టు, నా తప్పేమీ లేదు. దీనికోసం పాపను పంపడం మాత్రం మానకు.

నీ అక్క

*

ప్రియమైన అక్కకు,

అన్నం తిను. దొర ఎక్కడికీ పోలేదు.

నువ్వు పెళ్లి బట్టల పనిలో ఉండి ఉత్తరం రాయని రోజుల్లోనే, మందుల వ్యాను డ్రైవరు ఒక గోనెసంచిని మా ఆసుపత్రి వెనక గుమ్మంలో దించాడు. ‘ఊరవతల చెత్తకుప్పలో పడేసి వెళ్లమన్నారండీ మీ అక్కగారు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకున్నారు. చేతులు రాలేదు’ అన్నాడు. సంచి మూతి తాడుతో బిగించి ఉంది. లోపల దొర తన మూత్రంలోనే పడి రొప్పుతున్నాడు. నీకు తెలిసిన బండి అదొక్కటే కాబట్టి, తెచ్చినవాడికే పారెయ్యమని ఇచ్చావు. వాడు తిన్నగా ఇక్కడికే వస్తాడని నీకు తట్టలేదు.

ఆ రోజే నిలదీద్దామని కలం పట్టుకున్నాను. అంతలో దొర వేట మానేశాడని నీ ఉత్తరం వచ్చింది. ఇంకెంత దూరం పోతావో చూద్దామనిపించింది. నిజం చెప్పాలంటే బాగుంది కూడా. వదలడం, నాలుగడుగులు పాకనివ్వడం. వాడు నీ ఒళ్లో ఉన్నాడని నువ్వు రాసింది చదివేటప్పుడు వాడు నా ఒళ్లో ఉన్నాడు.

పాపకు మొదటి నుంచీ తెలుసు. నీ ఉత్తరాలు దొరను పక్కన పెట్టుకునే వినేది. మొదట్లో పకపకా నవ్వేది. ముద్ర వచ్చిన రోజు వాడి కాలికి సిరా పూసి పక్కనే ఇంకోటి వేసి చూసుకుంది. నీ వేళ్లు ఎక్కడెక్కడ నొక్కావో దానికి తెలిసిపోయింది. ఆ తర్వాత నవ్వలేదు. దొర కాలికున్న సిరా తుడుస్తూ నన్ను అడిగింది.

‘నేను అక్కడికి వెళ్లాక పెద్దమ్మ నా గురించి కూడా ఇలాగే రాస్తుందా అమ్మా?’

ఏం చెప్పను అక్కా? పాపకు జ్వరమొస్తే ఆడుకుంటోందని రాస్తావా? నీకు విసుగొచ్చిన రోజు అది హాయిగా నిద్రపోతోందని రాస్తావా? నువ్వు మంచిదానివే, నాకు తెలుసు. ఉడత కోసం ఏడ్చినదానివి. భరించలేనని ఇంకోసారి రాస్తే ఇంకోసారి వెక్కిరించేదాన్నేమో, తర్వాత వచ్చి తీసుకెళ్లేదాన్ని.

పాప ఇక్కడి బడిలోనే చేరింది. నా డ్యూటీ లేని పూట నేనూ, ఉన్న పూట పక్కింటావిడా చూసుకుంటున్నాం. నువ్వు బస్సెక్కి రావద్దు.

ఈసారి జవాబు రాస్తే అంతా నిజమే రాస్తావు. కానీ ఇప్పుడు దాన్ని నేనేం చేసుకోను?

నీ చిట్టి