కుక్కపిల్ల కొరుకుతోంది నాన్నా

బందరు,
3-8-1996

ప్రియమైన నాన్నకు,

ఇక్కడ నీ మనవరాలు తేజూ, నేనూ బాగున్నాం. ఆయన లారీ తీసుకుని ఒరిస్సా వైపు వెళ్ళారు, ఎప్పుడొస్తారో తెలీదు. ఒక్కదాన్నే ఉంటున్నానని నువ్వు పంపిన కుక్కపిల్ల, కాపలా మాట అటుంచి, ఇల్లంతా కొరికేస్తోంది. తేజూ దానికి బిస్కెట్టు అని పేరు పెట్టింది. చెప్పులయ్యాయి, చాప అంచులయ్యాయి, ఇప్పుడు వీధి తలుపు పట్టుకుంది. ఇల్లుగల నాగభూషణరావు గారు చూస్తే ఏమంటారోనని ఆ చోట గోనె వేలాడదీశాను. నిన్న ఫ్యాను వైరు నోట కరుచుకుంది. పరుగున వెళ్ళి ప్లగ్గు పీకేశాను. కొడితే మంచం కింద దూరి మంచం కోడు కొరుకుతోంది. ఏం చెయ్యమంటావు?

నీ కూతురు,
భ్రమర

హంసలదీవి,
7-8-1996

అమ్మా భ్రమరా,

కొట్టకు. కొరికేశాక కొడితే దేనికి కొట్టావో దానికి తెలీదు, నిన్ను చూసి భయపడటం ఒక్కటే నేర్చుకుంటుంది. వైర్లు, చెప్పులు అందకుండా పైన పెట్టు. తలుపు దగ్గరికి పోతే పేరు పెట్టి పిలిచి, లావుపాటి తాడు ముడేసి నోటికివ్వు. అది కొరికితే మెచ్చుకో. రెండు పూటలా పరిగెత్తించు, అలిసిపోతే పడుకుంటుంది. దాని తల్లి కూడా చిన్నప్పుడు నా వల చింపి పోగులు పెట్టింది. ఇప్పుడు అది పడవ దగ్గరుంటే ఎవరూ వల ముట్టుకోరు. ఓపిక పట్టు తల్లీ.

మీ నాన్న,
నాంచారయ్య

బందరు,
15-8-1996

ప్రియమైన నాన్నకు,

తాడిచ్చాక కాస్త నయమే అనుకున్నాను. తర్వాత అన్నం మానేసింది. నోటివెంట చొంగ, అందులో నెత్తురు చారలు. రాళ్ళు, మట్టిగడ్డలు కొరుకుతోంది. నిన్న తేజూ తాడు లాక్కోబోతే వేలు కొరికింది. నెత్తురొచ్చింది. సబ్బుతో కుళాయి కింద చాలాసేపు కడిగాను.

నాగభూషణరావు గారు గోడ మీంచి చూసి, "ఇది పిచ్చికుక్కేనమ్మాయ్, కొట్టి చంపించేస్తాను" అన్నారు. పెద్దాసుపత్రి డాక్టరు గారు మాత్రం చంపొద్దన్నారు. కట్టేసి పది రోజులు చూడాలట. బతికుంటే భయం లేదట. చస్తేనో అని అడిగితే ఆయన సూదులకి చీటీ రాసి చేతికిచ్చారు. బొడ్డు చుట్టూ సూదులు మొదలుపెట్టారు. తేజూ ఏడవకుండా నా కొంగు పట్టుకుని కళ్ళు మూసుకుంది.

కుక్కని పెరట్లో జామచెట్టుకి గొలుసుతో కట్టాను. గిన్నె కర్రతో తోస్తున్నాను. తేజూ నీళ్ళు తాగుతుంటే గుటక పడుతోందా లేదా అని గొంతుకేసి చూస్తున్నాను. ఈ కుక్కపిల్ల తల్లి బాగానే ఉంది కదా? వెంటనే రాయి.

నీ,
భ్రమర

హంసలదీవి,
18-8-1996

బంగారు తల్లికి,

ఈ ఉత్తరం మీ అమ్మ చేతికిచ్చి బస్సెక్కిస్తున్నాను. తన నోటితో చెప్పలేనని ఏడుస్తోంది, అందుకే రాస్తున్నాను. తల్లికుక్క నిన్న చచ్చిపోయింది. నోట్లో నురగతో, ఒడ్డున పడి కొట్టుకుని పోయింది. పిచ్చో కాదో నాకు తెలీదు. ఇంకెవర్నన్నా కరిచిందేమోనని ఊళ్ళో ఇల్లిల్లూ అడుగుతున్నాను, అందుకే నేను రాలేదు. పిల్లకి సూదులు మాత్రం ఒక్క పూట కూడా తప్పించకు.

నాన్న

బందరు,
27-8-1996

ప్రియమైన నాన్నకు,

ముందు ఈ మాట చదువు: తేజూ బాగుంది.

అమ్మ ఉత్తరం నా చేతిలో పెట్టి గుమ్మంలోనే కూలబడింది. మర్నాడు నాగభూషణరావు గారు కర్ర పుచ్చుకుని పెరట్లోకొచ్చారు. అమ్మ వెళ్ళి జామచెట్టుకి ఎదురుగా, గొలుసు అందనంత దూరంలో కూర్చుంది. "దీన్ని చంపేస్తే మాకు నిజం తెలీదండీ. మీరెళ్ళండి" అంది. ఆయన వెళ్ళిపోయారు. ఆ తర్వాత అమ్మా నేనూ వంతులేసుకుని దాన్ని చూస్తూ కూర్చున్నాం. అది మూలిగితే మా ప్రాణాలు పోయేవి, మూలగకపోతే ఇంకా భయమేసేది.

చేపలమ్మే కోటమ్మ పిన్ని నీ కబురు చెప్పింది. చేపల చెరువుల దగ్గర కొంగలకి పెట్టిన విషం తిని తల్లికుక్క, దాంతోపాటు కాకులు, రెండు పిల్లులు చచ్చాయట. విన్నా నాకు నమ్మకం కలగలేదు.

గడువు దాటాక పశువుల డాక్టరు గారు వచ్చి, తొడుగులేసుకుని దాని నోరు తెరిచారు. చిగుళ్ళు వాచి ఎర్రగా ఉన్నాయి. పాలపన్ను ఒకటి ఊడి ఆయన అరచేతిలో పడింది. "పళ్ళు మారుతున్నాయమ్మా, ఆ నొప్పికే ఇదంతా" అన్నారు. తడిగుడ్డ ముడేసి, చల్లబరిచి నోటికివ్వమన్నారు. పిల్లని, కుక్కని ఒంటరిగా వదలొద్దన్నారు. ఆ గుడ్డ ఇప్పుడు నాగభూషణరావు గారి ఫ్రిజ్జులోనే పెడుతున్నాను. ఆయనే పెట్టుకోమన్నారు. ఆసుపత్రిలో సూదులు ఇక అక్కర్లేదన్నారు.

అయినా నా చెయ్యి దాని తల దాకా వెళ్ళి ఆగిపోతోంది నాన్నా. ఇవాళ పొద్దున నేను గొలుసు పట్టుకుని నిలబడ్డాను. తేజూ కాస్త దూరంలో దాని ఎదురుగా కూర్చుని, నోరు తెరిచి, వేలితో ముందు పన్ను కదిపి చూపించింది.

"నాదీ ఊగుతోందే" అంది దాంతో.

ఇన్నాళ్ళకి అప్పుడు ఏడ్చాను.

నీ కూతురు,
భ్రమర