పటంలో తెల్లగా ఉన్న లోయ

అక్కా,

నువ్వు ఫోను పెట్టేసినప్పటి నుంచీ మనసులో నీతో మాట్లాడుతూనే ఉన్నాను. మనసులో అయితే నువ్వు అడ్డుపడవు, తిట్టవు. జవాబూ చెప్పవు. అందుకే కాగితం మీద పెట్టి, నీ క్యాంపుకి సరుకులు తెచ్చే జీపు డ్రైవరు చేతికిస్తున్నాను. చించేయాలనిపిస్తే చదివాక చించెయ్యి.

"నీ చుక్కలే చంపాయే వాటిని" అన్నావు. ఆ మాట లిఫ్టులో, భోజనం దగ్గర, పిల్లకి జడ వేస్తున్నప్పుడు, నా వెంటే తిరుగుతోంది. కాదని వాదించడానికి రాయడం లేదు. ఎలా జరిగిందో నా నోటితో నీకు చెప్పాలని రాస్తున్నాను.

తూర్పు వాలులో ఇన్నేళ్ళుగా నువ్వు తిరిగి చూసిన ప్రతి కొండ తాబేలూ మా జంతువుల లెక్కల ఆఫీసు కంప్యూటరులో ఒక చుక్క. అరుదైన జంతువు చుక్కని మేం బయటివాళ్ళకి చూపించం. దాని చుట్టూ పెద్ద గడి గీసి, "ఈ గడిలో ఎక్కడో ఉంది" అంటాం, అంతే. రోడ్డు ఇంజనీరు వచ్చి ఆ గడి చూసి నవ్వాడు. "కొండంత గడి ఇస్తే రోడ్డు ఎక్కడ వెయ్యమంటారమ్మా, గాల్లోనా?" అన్నాడు. మా డైరెక్టరు గారు, "ఇచ్చెయ్యమ్మా, వాళ్ళూ మనలాంటి ఆఫీసే కదా, బయటికెందుకు పోతుంది?" అన్నారు. నేను కుదరదన్నాను. మళ్ళీ అడిగితే మళ్ళీ కుదరదన్నాను. ఆ తర్వాత సంతకం పెట్టిన ఉత్తర్వు నా టేబులు మీదకి వచ్చింది. ఇచ్చాను.

వాళ్ళు ఆ చుక్కల పటాన్ని రోడ్డు నివేదిక చివరి పేజీగా కుట్టి, ఎవరైనా చదువుకోవచ్చని నెట్‌లో పెట్టేశారు. తాబేళ్ళని గాజుపెట్టెల్లో పెట్టుకునేవాళ్ళకి అమ్మేవాళ్ళు కూడా నివేదికలు చదువుతారు. నేను చూసి, అరిచి, గోల చేసి ఆ పేజీ తీయించేలోపు నువ్వు తూర్పు వాలుకి వెళ్ళి, వాటిని తవ్వి తీసుకుపోయిన గుంటలు చూడనే చూశావు. ఉద్యోగం మొహాన కొట్టి రావాల్సిందంటావేమో. నేను వెళ్ళిపోతే నా కుర్చీలో కూర్చున్నవాడు అదే పని చేసేవాడని నాకు నేను సర్దిచెప్పుకుంటున్నాను. సర్దుకోవడం లేదు.

ఇప్పుడు ఇంకో సంగతి. గొడవయ్యాక రోడ్డుని తూర్పు వాలు నుంచి తప్పించారు. శిఖరానికి అవతల, పడమటి లోయలోంచి వేస్తారట. "అక్కడ మీ పటం తెల్లగా ఉంది కదా, ఇంకేం అభ్యంతరం?" అంటున్నారు. అది ఎందుకు తెల్లగా ఉందో నాకు తెలుసు. మొన్నటి ఎండాకాలం మా డాబా మీద కూర్చుని, "ఇంకో చోటు ఉందే. అక్కడివి నీ మిషన్లో ఎక్కించను. నన్నడక్కు" అన్నావు. అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఎవరూ చూడని చోటూ, చూసి దాచిన చోటూ పటంలో ఒకేలా కనిపిస్తాయక్కా. రెండూ తెలుపే. ఆ తెలుపు వాళ్ళ కళ్ళకి ఖాళీ.

పంపించు. రోడ్డు మీద అభ్యంతరాలు వినే విచారణాధికారి ఒక్కరే చూసేలా, ఆయన గదిలోనే చూపించి తెచ్చేసుకుంటాను. నా మాట మీద నీకు నమ్మకం పోయిందని తెలుసు. అయినా ఇంకెవరిని అడగను?

నీ చిన్ని

*

చిన్నీ,

ఉత్తరం చించలేదు. తలగడ కింద పెట్టుకున్నాను.

నీ మీద అరిచి ఫోను పెట్టేశాక నాకు ఇక్కడ కూర్చోబుద్ధి కాలేదు. తూర్పు వాలువి పోతే పోయాయి, ఇవైనా కళ్ళారా చూసుకుందామని పడమటి లోయకి పోయాను. వాగు దాటగానే అర్థమైంది. రాళ్ళన్నీ తిరగబడి ఉన్నాయి. గునపాలు పెట్టి పెళ్ళగించారు. పొదల కింద ఉండే ముసలిది, పెంకు మీద పసుపు గీతలు అరిగిపోయి నున్నగా అయిపోయిన తల్లి, దాని గూడు దగ్గర గుడ్లు తొక్కేసి ఉన్నాయి. సొన ఇంకా ఎండలేదు. సాయంత్రం దాకా వెతికాను. ఒక్కటీ లేదే. ఒక్కటీ.

ఆ చోటు ఏ పటంలోనూ లేదు. ఎక్కడుందో నీకు చెప్పలేదు, మీ బావకి కూడా చెప్పలేదు. మరి వాళ్ళకెలా తెలిసింది? తిరిగొచ్చి క్యాంపు గేటు దగ్గర కాపలాదారుని అడిగాను. అతను అమాయకంగా చెప్పాడు. "పిట్టల ఫొటోలు తీస్తామని ఇద్దరొచ్చారమ్మా. ఆ మేడమ్ గారు ఎటు పోతారని అడిగారు. పడమటి లోయకి వారం వారం పోతారని చెప్పా. మంచోళ్ళలాగే ఉన్నారు."

నా వెనకే నడిచారే. దారి తప్పకుండా నేను విరిచిపెట్టుకున్న కొమ్మలే వాళ్ళకి గుర్తులయ్యాయి. నీ చుక్కలు చంపాయని నిన్నన్నాను. నా కాళ్ళు ఏం చేశాయి? నువ్వు వద్దంటూ వద్దంటూ ఇచ్చావు. నేను ఎవరూ అడక్కుండానే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించాను. అందుకే నీ ఫోను ఎత్తలేదు. కోపంతో కాదు, మొహం చెల్లక.

సరే, ఏడిస్తే వచ్చేదేముంది. ఈ ఉత్తరంతో పాటు పడమటి లోయలో నేను చూసినవన్నీ, పోయిన వారం దాకా రాసుకున్న కాగితాలు పంపుతున్నాను. అన్నీ నిజాలే, ఒక్క అక్షరం కల్పన లేదు. అవి ఎక్కించు. ఈ ఆఖరిసారి పోయి చూసింది మాత్రం ఎక్కించకు. అప్పుడు పటంలో లోయ నిండుగా ఉంటుంది, రోడ్డు ఆగుతుంది. తాబేళ్ళు పోయినా వాగుంది, చెట్లున్నాయి, వాటినైనా ఉండనీ. ఒక్క వరస రాయకపోతే అబద్ధమైపోదు. అక్కడికి పోయేది నేనొక్కదాన్నే, ఎవరొచ్చి చూస్తారు?

చిన్నప్పటి నుంచి నిన్నేమీ అడగలేదు. ఇది చెయ్యి.

అక్క

*

అక్కా,

నువ్వడిగింది చెయ్యలేదు. ముందే చెప్పేస్తే మిగతాది రాయగలుగుతాను.

నీ కాగితాలు ఒక్కొక్కటే ఎక్కించాను. ఆఖరి వరస దగ్గర చేతులు ఆగిపోయాయి. నిన్ను కాదనడం నాకు అలవాటు లేని పని. కానీ ఇన్నేళ్ళలో ఏమీ కనబడని రోజున నువ్వు "కనబడలేదు" అనే రాశావు. అందుకే కనబడిందని నువ్వు రాస్తే జనం నమ్ముతారు. ఒక్కచోట నేను మూసిపెడితే, రేపు ఎవడైనా వేలు పెట్టి అడిగితే, నీ చుక్కలన్నీ అనుమానపు చుక్కలైపోతాయి. ఇంకో కారణం కూడా ఉంది. దొంగతనం జరిగిందని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలనిపించింది. చచ్చినవాళ్ళకి ఆ మాత్రం చేస్తాం కదా. "ఒక్కటీ కనబడలేదు. గునపాలతో తవ్వి తీసుకుపోయారు" అని నీ మాటల్లోనే ఎక్కించాను.

విచారణ గదిలో అధికారి ఆ ఒక్క వరస పైకి చదివితే, ఇంజనీరు విని కుర్చీలో వెనక్కి వాలాడు. "అయితే ఇప్పుడు లేవన్నమాట."

"కనబడలేదు" అన్నాను.

"రెండూ ఒకటేగా మేడమ్."

విచారణాధికారి కళ్ళజోడు తీసి నావైపు చూశారు. "ఈ చివరి వరస లేకపోతే నాకు అడ్డుచెప్పడానికి ఆధారం ఉండేది. ఎందుకు పెట్టావమ్మా?"

"మా అక్క చూసింది కాబట్టి సార్."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, రోడ్డుకి అనుమతి ఇచ్చేశారు. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా మెట్ల మీద కూర్చుండిపోయాను. నీకు రాయాలని కలం తీస్తే "అక్కా" దగ్గరే ఆగిపోయేది. ఇన్నాళ్ళు జవాబు రాకపోవడానికి కారణం అదే. నీకు మొహం చెల్లలేదన్నావు చూడు, ఈసారి నా వంతు.

తర్వాత రేవులోని గోదాము నుంచి మా ఆఫీసుకి ఫోనొచ్చింది. ఓడెక్కబోతున్న బొమ్మల పెట్టెలు తెరిస్తే లోపల తాబేళ్ళున్నాయట, ఏ జాతో వచ్చి చెప్పమన్నారు. డైరెక్టరు గారు నన్నే పంపారు. అక్కా, నీకొకటి తెలుసా, అంతవరకూ నేను ప్రాణమున్న కొండ తాబేలుని చూడనే లేదు. చుక్కలు చూశాను, ఫొటోలు చూశాను. మొదటిసారి చూసింది అక్కడ, సిమెంటు నేల మీద. కాళ్ళు కదలకుండా టేపు చుట్టి, పిల్లల మేజోళ్ళలో కుక్కారు. గది నిండా కుళ్ళు వాసన. ఒక్కో మేజోడూ కత్తిరిస్తుంటే, ఇది బతికుందా లేదా అని చేతిలో పట్టుకుని ఎదురుచూడటం, అది రాయడం నాకు రాదు. చాలావాటికి ఎదురుచూపు దండగైంది.

సరుకుదారుడి వకీలు వచ్చి, ఇవన్నీ తొట్లలో పెంచినవని కాగితాలు చూపించాడు. వాటి పెంకుల అంచున గాట్లున్నాయి. ఏది ఏదో గుర్తుపట్టడానికి నువ్వు ఆకురాయితో పెట్టే గాట్లు. నీ కాగితాల్లోని బొమ్మలతో సరిచూశాను. కొన్ని తూర్పు వాలువి, కొన్ని పడమటి లోయవి. వకీలు వదల్లేదు. "మీ రికార్డు ప్రకారం అవి లోయలో ఉండాలి కదా" అన్నాడు. ఆఖరి వరస తీసి అతని ముందు పెట్టాను. లోయ ఖాళీ అయిందని, తవ్వి తీసుకుపోయారని, ఈ పెట్టెలు దొరక్కముందే రాసి ఉంది. అతను బ్యాగు మూసుకున్నాడు. ఆ కాగితాలు పట్టుకుని విచారణాధికారి దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. సొంతదారులు దొరికాక ఇల్లు పడగొట్టమనడం కుదరదని, ఆయన ఉత్తర్వు వెనక్కి తీసుకున్నారు. రోడ్డు అసలు కొండెక్కకుండా, కింద నుంచి చుట్టూ తిరిగి పోతుంది. ఇంజనీరు నాతో మాట్లాడటం మానేశాడు.

గెలిచామని అనకు. నేనూ అనను. బతికినవి నా ఒళ్ళో పట్టేన్ని. మా ఆఫీసు వెనక గదిలో మట్టి పోసి, దీపం పెట్టి ఉంచాం. వాటిలో ఆడది ఒక్కటేనని పశువుల డాక్టరు చెప్పాడు. నువ్వు రాసిన ముసలి తల్లి కాదు, చిన్నది, ఎడమ వైపు అంచున నీ గాటు ఉంది. మగవి మెల్లగా మేస్తున్నాయి. ఇది మాత్రం మూల దూరి తల బయటికి తీయడం లేదు. ఆకులు పెట్టాను, పళ్ళు పెట్టాను, నీళ్ళు చల్లాను. డాక్టరు పెదవి విరుస్తున్నాడు. లోయలో అది ఏ మొక్క కొరికేదో, ఏ పొద్దులో బయటికొచ్చేదో నీ కాగితాల్లో వెతికాను. అవి నువ్వెప్పుడూ రాయలేదక్కా.

తిట్టాలనుకుంటే వచ్చి తిట్టు. ఆ వాగు ఒడ్డున మొలిచేవన్నీ ఒక సంచిలో కోసుకుని, ఈ జీపులోనే దిగిరా. జవాబు రాస్తూ కూర్చోకు.

చిన్ని