మూడో లైటు

బోగోలు,
12 నవంబరు 1962

ప్రియమైన జయరామన్నకు,

తమ్ముడి లాంటి జకరయ్య వందనాలు. ఇక్కడ అందరం కులాసాగానే ఉన్నాం, నువ్వు కోపంగా వెళ్ళిపోయావన్న బాధ తప్ప.

నాలుగో లైటు బిగించనని నేనంటే, "నీకు కొవ్వెక్కిందిరా! గూడూరులో షెడ్లు లేవనుకున్నావా?" అని చేపల లారీ తిప్పుకుని వెళ్ళిపోయావు. షెడ్డు ముందు నలుగురూ చూశారు. నాకు కోపం రాలేదన్నా, ఏడుపొచ్చింది. ఎందుకు పెట్టనన్నానో నీ మొహం మీద చెప్పే ధైర్యం లేక ఇలా కాగితం పట్టుకున్నాను.

లైట్లు మసకగా ఉన్నాయని నువ్వు మొదటిసారి వచ్చినప్పుడు నిజంగానే వైరింగు అనుకున్నాను. మంచుగడ్డలు కరిగి ఉప్పునీళ్ళు కారి కారి ఎర్తు బోల్టు తుప్పు పట్టి ఉంటుందనుకున్నాను. చేపల లారీలకు సగం జబ్బులు అక్కడే. దాన్ని తళతళలాడేలా గీకాను. ఎర్తు తిరిగొచ్చే ఛాసీ ఇనుమును నమ్మక బ్యాటరీ నుంచి లైట్ల దాకా వేరే లావు వైరు లాగాను. స్విచ్చి మార్చాను. టెస్టు బల్బు ఎక్కడ ఆనించినా భగ్గున వెలిగింది. అయినా నువ్వు మసకే అన్నావు, బంపరు మీద మూడో లైటు పెట్టమన్నావు.

అది పెట్టిన సాయంత్రం, చీకటి పడగానే లారీని ట్రంకురోడ్డు మీద నిలిపి లైట్లన్నీ వేశాం. నీ పక్కన కూర్చుని, "అన్నా, చింతమాన్లకు కొట్టిన సున్నం పట్టీలు ఎందాకా కనపడతా ఉండాయి?" అని అడిగాను. నాకు కల్వర్టు దాకా మాను తర్వాత మాను తెల్లగా కనపడుతోంది. నువ్వు కళ్ళు చిట్లించి, "ఏ మాన్లురా?" అన్నావు.

అప్పుడర్థమైంది. అది రేచీకటి, అన్నా. మా మేనమామకు వస్తే దగ్గరుండి చూశాను. ఆ మాట నోటిదాకా వచ్చింది. స్టీరింగు లేకపోతే నువ్వేమైపోతావోనని మింగేశాను. కిందికి దిగి ఊరికే నాలుగు చోట్ల తడిమి, "వైరు లూజైనాదిలే అన్నా, బిగించినా" అన్నాను. బిగించడానికి అక్కడేమీ లేదు.

రాత్రిపూట బండి మానుకో అన్నా. నీ క్లీనరు చిన్నపోలయ్య కూడా పిల్లలు గలవాడు. నెల్లూరులో కంటి డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోతాను. తిట్టు, కొట్టు, పడతాను.

నీ
జకరయ్య

వెంకటాచలం,
20 నవంబరు 1962

తమ్ముడు జకరయ్యకు జయరామయ్య ఆశీస్సులు.

పట్టపగలు ఎండలో కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు బాగానే కనపడుతున్నాయి. నువ్వు రాసింది నాకు కొత్త సంగతేం కాదు. పోయినేడాది నుంచే అనుమానం. ముందు పోయే లారీ ఎర్రలైటు పట్టుకుని, చిన్నపోలయ్య "ఎడమకు, ఎడమకు" అంటుంటే మద్రాసు దాకా తోలేవాణ్ణి. మీ వదిన ఆదిశేషమ్మకు కూడా చెప్పలేదు.

గూడూరులో ఏ షెడ్డయినా అడిగినన్ని లైట్లు పెట్టేది. నీ దగ్గరికే ఎందుకు వచ్చేవాణ్ణో ఎప్పుడైనా ఆలోచించావా? నువ్వు అబద్ధం చెప్పవని. నీ నోటితో ఇది లారీ జబ్బు కాదంటే దిగిపోదామనుకున్నాను. నువ్వు వైరు లూజన్నావు. ఆ సాయంత్రం ఎంత సంతోషమైందో నీకు చెప్పలేను. జకరయ్యే అన్నాడంటే తప్పు లారీదే, నా కళ్ళకేం కాలేదనుకుని, పాట పాడుకుంటూ పోయాను.

ఆ రాత్రే చిల్లకూరు దాటాక ఎదురుగా గడ్డిబండి వచ్చింది. చిన్నపోలయ్య కేక పెట్టేసరికే తగిలింది. బండి తోలేవాడు బతికిపోయాడు, ఎద్దు చచ్చిపోయింది. ఆయన దాని మెడ కావలించుకుని, "నా బిడ్డా, లెయ్ నాయనా" అని ఏడుస్తుంటే, బ్రేకు పట్టలేదని చెప్పాను. అందరికీ అదే చెప్పాను. నీకు ఆ సంగతే తెలియనివ్వలేదు.

ఆ తర్వాత కూడా నాలుగోది కావాలని వచ్చానంటే, ఈసారైనా నువ్వు చెబుతావని. నువ్వు కారణం చెప్పకుండా పెట్టనన్నావు. అందుకే మండిపడ్డాను.

లారీ తాళం యజమాని చేతిలో పెట్టేశాను. ఉన్నదున్నట్టు చెప్పాను. ఇప్పుడు రోడ్డు మీద హారను వినపడితే లేచి నిలబడుతున్నాను, మళ్ళీ కూర్చుంటున్నాను. డాక్టరు దగ్గరికి వస్తాను. నువ్వు రా. నీమీద కోపం లేదని రాయాలనుంది గానీ చెయ్యి సాగడం లేదు. నాలుగో లైటు పెట్టనందుకు నీకు దండం పెడతాను. మూడోది ఎందుకు పెట్టావురా?

మీ అన్న,
జయరామయ్య