బోన్ అంటే

డిసెంబరు, శనివారం రాత్రి. సంత్రాగాఛి.

రవి కొండలెక్కడానికి స్నేహితులతో పురూలియా వెళ్ళాడు. "హౌరాలో రాత్రి బండెక్కితే తెల్లారేసరికి అడవే నాన్నా, ఎంత దూరమని," అన్నాడు. అంత దగ్గర కావడమే నా భయం. ఆ అడవుల్లో తుపాకులు తిరుగుతున్నాయని స్టేషన్‌లో రోజూ వింటున్నాను.

మాకు ఫోను లేదు కాబట్టి పొద్దున పక్క క్వార్టర్ బెంగాలీ దాదాకి చేశాడు. మధ్యలో లైను తెగిపోయిందట. దాదా వచ్చి ఒక్క ముక్క చెప్పి డ్యూటీకి పోయాడు. "'బోనేర్ కాఛే ఆఛి' బోల్లో." బోన్ దగ్గరున్నానన్నాడట.

మా ఆవిడ బెదిరిపోయింది. "బోనేటండీ? గుంటడు బోన్లో పడ్డాడేటి?"

నవ్వాను. బెంగాలీలో బోన్ అంటే చెల్లెలు, ఖరగ్‌పూర్‌లో దిగి అక్కడ కాపురముంటున్న తన చెల్లెలి దగ్గర ఉండిపోయాడని చెప్పాను. ఆమె కుదుటపడింది. చేపల పులుసుతో ఇద్దరం కడుపు నిండా తిన్నాం.

సాయంత్రం బూత్ నుంచి అమ్మాయికి ఫోన్ చేశాను. "అన్న ఇక్కడికి రానేదు నాన్నా. నీకెవులు సెప్పినారు?"

దాదా డ్యూటీ దిగి వచ్చేదాకా వాళ్ళ గుమ్మంలోనే నిలబడ్డాను. నా మొహం చూసి ఆయన నెమ్మదిగా అన్నాడు, "ఆ బోన్ కాదు దాదా. బోన్ మానే జొంగోల్."

చెల్లెలికీ అడవికీ వాళ్ళ నోట ఒకటే మాట. ఇన్నేళ్ళు ఇక్కడ బతికి, నాకు చెల్లెలు ఒక్కతే తట్టింది.

అడవి దగ్గరున్నానని చెప్పడానికే ఫోన్ చేస్తాడా? ఇంకేం చెప్పబోతుంటే లైను తెగింది?

మా ఆవిడకింకా చెప్పలేదు. వంటింట్లోంచి అడుగుతోంది, "పిల్ల ఏటందండీ? ఆడు తిన్నాడంటా?"