శ్రుతికి పెట్టిన చరాంగో

సతుర్నీనో బాబాయికి,

జలకన్య మిమ్మల్ని కాదనలేదు. మీ చరాంగో వాయిద్యాన్ని తీసింది నేను.

మంగళవారం జలపాతం వెనక రాతి అరలో అది నాకు కనిపించింది. పార్కులో ఏది దొరికినా ఆఫీసులో అప్పజెప్పాలని రూలు. షికారుకొచ్చిన వాళ్లెవరో మరిచిపోయారనుకుని, తీసుకెళ్లి పోయిన గొడుగుల పక్కన పెట్టేశాను. మూడు రాత్రులు నీళ్ల దగ్గర వదిలితే జలకన్యే వాయిద్యాన్ని శ్రుతి చేస్తుందని చిన్నప్పటి నుంచీ వింటున్నదాన్నే. గార్డు టోపీ పెట్టుకోగానే అన్నీ మరిచాను.

నిన్న పొద్దున సంతలో పిన్ని ఎదురైంది. "మీ బాబాయి ఉత్త చేతులతో తిరిగొచ్చాడే. 'నా వేళ్లు ఆమెకి నచ్చలేదు, ఇక వాయించను' అని మూల కూర్చున్నాడు. పండక్కి ఎవరు వాయిస్తారే?" అంది.

వెంటనే దాన్ని ఆఫీసు నుంచి తెచ్చి అదే అరలో పెట్టాను. ఈ రోజు సెలవైనా కాపలా కూర్చున్నాను. ఈతకొచ్చినవాళ్లు "ఏమ్మా, నీళ్లకి కచేరీ పెట్టావా?" అని నవ్వారు.

మధ్యాహ్నం గాలి తిరిగి తుంపర లోపలికి కొట్టింది. ఎవరూ తాకకుండానే పది తీగలూ మోగాయి, బాబాయ్! నీళ్ల హోరులోంచి సన్నగా, చాలాసేపు. నవ్వినవాళ్లే టోపీలు తీసి నిలబడ్డారు.

ఎల్లుండి పొద్దుటికి మూడు రాత్రులూ నిండుతాయి. మీరే వచ్చి తీసుకోండి, దాన్ని మళ్లీ తాకే ధైర్యం నాకు లేదు. జలకన్యకి కానుకగా ఇచ్చే కోకా ఆకులు మాత్రం రెండు గుప్పిళ్లు తెండి. ఒకటి నా తప్పుకి.

మీ అన్న కూతురు