నడుము నొప్పి తెచ్చిన ఉద్యోగం

విశాఖపట్నం, గురువారం

నాన్నకు, నీ తనూజ క్షేమంగానే ఉంది, వేళకు తింటోంది.

యూనివర్సిటీలో ఉద్యోగం వచ్చింది నాన్నా! వారంలో నాలుగు రోజులు ప్రజారోగ్యం పాఠాలు చెప్పాలి, మిగతా రోజులు చేనేతవాళ్ల ఆరోగ్యం మీద పరిశోధన. ఉన్నవి రెండే ఖాళీలు, ఇంటర్వ్యూకి నలభై మంది వచ్చారు. ఒక పెద్ద మేడమ్, "మగ్గం నేసేవాళ్లకి నడుము నొప్పి ఏ వయసులో మొదలవుతుందమ్మా?" అని అడిగారు. చదివిన అంకె ఒక్కటీ గుర్తు రాలేదు. "మా నాన్నకి ముప్పై ఆరో ఏట మొదలైందండీ. ఎవరికీ చెప్పలేదు. నా టెన్త్ పరీక్షలప్పుడు గుంటమగ్గంలోంచి లేవలేక అరగంట కూర్చుండిపోతే అప్పుడు తెలిసింది" అన్నాను. ఏడుపొచ్చేసింది. ఆవిడే లేచి మంచినీళ్లిచ్చి, "ఇప్పుడెలా ఉన్నారు?" అన్నారు. నువ్వు చెప్తే కదా నాకు తెలిసేది!

నా ఎమ్మెస్సీ ఒరిజినల్స్ బీరువా పై అరలో ఉన్నాయి, రిజిస్టర్ పోస్టులో పంపించు. అమ్మ బీపీ మాత్రలు మానేయలేదు కదా? దొండపాదుకి పందిరి వేశారా?

వచ్చే నెల పదిన మా పరిశోధన బృందం మన పెడన వస్తోంది. పరీక్ష చేయాల్సినవాళ్ల జాబితాలో మొదటి పేరు నీదే రాశాను. ఆ రోజు మగ్గం జోలికి వెళ్లొద్దు. ఫోన్లో నడుము మాటెత్తగానే అమ్మకిచ్చేస్తావని ఈ పోస్టుకార్డు రాస్తున్నాను. నీకంటే ముందు పోస్ట్‌మాన్ వెంకటరత్నం బాబాయి చదివేస్తాడు, చదవనీ. బాబాయ్, పదో తారీఖున మా నాన్నని నువ్వే బండెక్కించుకుని తీసుకురా.

నీకూ అమ్మకూ బోలెడు ముద్దులతో,
తనూజ